బాకీ కింద పోయిన బండి: విడిపించుకునే చట్టబద్ధ మార్గాలు

అప్పు తీర్చలేదన్న కారణంతో ఒక మనిషి స్వాధీనంలో ఉన్న వాహనాన్ని తీసుకువెళ్లే అధికారం మన దేశంలో మూడు చోట్ల నుంచి పుడుతుంది. మొదటిది, వాహనం కొన్ననాడు అప్పు ఇచ్చిన బ్యాంకుతోనో ఫైనాన్స్ కంపెనీతోనో రాసుకున్న ఒప్పందం. రెండోది, మొండి బాకీల వసూలు కోసం పార్లమెంటు 2002లో చేసిన, వ్యవహారంలో సర్ఫేసీ అని పిలిచే చట్టం. మూడోది, సివిల్ కోర్టు ఇచ్చిన డిక్రీ గాని, మధ్యవర్తిత్వ వివాదంలో వెలువడిన ఉత్తర్వు గాని. రోడ్డు మీద చూసేవారికి మూడూ ఒకేలా కనిపించినా, వాటి నియమాలు వేరు, గడువులు వేరు, మొరపెట్టుకోవలసిన చోటు వేరు. అందువల్ల బండి పోగొట్టుకున్న మనిషి ముందుగా తేల్చుకోవలసింది దాన్ని ఎవరు, ఏ అధికారంతో తీసుకువెళ్లారన్న సంగతి. ఆ తర్వాత అతడు బాకీ ఎంత అన్న లెక్కనూ, స్వాధీనం చేసుకున్న తీరు సక్రమమా కాదా అన్న ప్రశ్ననూ కలగాపులగం చేయకుండా విడివిడిగా చూడాలి. ఎందుకంటే బాకీ నిజమే అయినా దౌర్జన్యం చెల్లదు, దౌర్జన్యం జరిగిందని రుజువైనా బాకీ మాసిపోదు.

వాయిదాల మీద కొన్న వాహనానికి సంబంధించిన ఒప్పందాలు ప్రధానంగా రెండు రకాలు. హైర్ పర్చేజ్ పద్ధతిలో వాహనం ఫైనాన్స్ సంస్థ సొత్తుగానే ఉంటుంది. కొన్నవాడు చట్టం దృష్టిలో కిరాయిదారు మాత్రమే కాబట్టి, కిస్తీలన్నీ కట్టి చివరి హక్కును వినియోగించుకున్న తర్వాతనే అతనికి యాజమాన్యం దక్కుతుంది. హైపోథికేషన్ పద్ధతిలో వాహనం కొన్నవాడిదే, అతని చేతిలోనే ఉంటుంది, అయితే అప్పు తీరేవరకు దాని మీద రుణదాతకు ఒక హక్కు ఉంటుంది. అంటే ఇది వస్తువును అప్పగించకుండా పెట్టిన తాకట్టు వంటిది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 51వ సెక్షన్ ప్రకారం ఈ ఒప్పందాలను ఆర్సీలో, అనగా రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలో, నమోదు చేస్తారు. తన ఒప్పందం ఏ రకానిదో రుణగ్రహీత తెలుసుకోవడం పాండిత్యం కోసం కాదు. బండి ఎవరిదన్న ప్రశ్నకు కోర్టు చెప్పే జవాబు దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

ఈ రంగంలో చట్టసభల చరిత్ర చిత్రమైనది. ఇంగ్లండులో రెండు మూడు కిస్తీలు మాత్రమే మిగిలిన సామాన్లను కూడా వ్యాపారులు ఇళ్లలోంచి ఎత్తుకుపోయే అలవాటు పెరగడంతో, జారో నియోజకవర్గ సభ్యురాలు ఎలెన్ విల్కిన్‌సన్ చొరవతో 1938లో ఒక చట్టం వచ్చింది. ధరలో మూడో వంతు చెల్లించిన తర్వాత కోర్టు ఉత్తర్వు లేకుండా వస్తువును వెనక్కి తీసుకోరాదని అది శాసించింది. అదే ఆలోచనతో భారత పార్లమెంటు కూడా 1972లో హైర్ పర్చేజ్ చట్టాన్ని ఆమోదించి, ధరలో నిర్ణీత వంతు చెల్లించిన కిరాయిదారు నుంచి కోర్టు ద్వారా తప్ప వస్తువును తిరిగి తీసుకోకూడదన్న నియమాన్ని అందులో చేర్చింది. కాని ఆ చట్టం అమలుకు నోచుకోకుండానే మూడు దశాబ్దాలకు పైగా పుస్తకాల్లో ఉండిపోయి, చివరకు 2005లో రద్దయింది. రుణదాతను ముందుగా కోర్టు మెట్లెక్కించవలసిన శాసనం అలా తప్పిపోవడం వల్ల, ఆ ఖాళీని ఒప్పంద పత్రాలు, సుప్రీంకోర్టు తీర్పులు, రిజర్వు బ్యాంకు సూచనలు కలిసి కొంతవరకు పూడ్చుతున్నాయి.

సుప్రీంకోర్టు తీర్పులను వరసగా చూస్తే రెండు పాయలు కనిపిస్తాయి. కిస్తీలు తప్పితే వాహనాన్ని తిరిగి తీసుకోవచ్చని ఒప్పందంలో ఉన్నప్పుడు ఆ హక్కును వాడుకోవడానికి చట్టరీత్యా అడ్డంకి లేదని 2006లో చెప్పిన న్యాయస్థానమే, 2007 ఫిబ్రవరిలో కండబలం ఉన్న మనుషులను పంపి బండ్లు గుంజుకునే పద్ధతిని తీవ్రంగా ఆక్షేపించి, వసూలు చట్టబద్ధంగానే జరగాలని స్పష్టం చేసింది. 2011లో కూడా అదే మాటను హైర్ పర్చేజ్ వాహనాల విషయంలో తిరిగి చెప్పింది. 2020 అక్టోబరు 1న వెలువడిన తీర్పులో ఈ రెండు పాయలూ కలుస్తాయి: కిస్తీలు పూర్తయ్యేవరకు హైర్ పర్చేజ్ వాహనానికి ఫైనాన్స్ సంస్థే యజమాని కనుక స్వాధీనం చేసుకోవడం తప్పు కాదని ఒకవైపు చెబుతూనే, ఒప్పందం ప్రకారం ముందుగా ఇవ్వవలసిన నోటీసు సరిగా ఇవ్వనందుకు 15,000 రూపాయల నష్టపరిహారం చెల్లించాలని కోర్టు ఆదేశించింది. పాట్నా హైకోర్టు 2023 మేలో ఇంకా ముందుకు వెళ్లి, అప్పు కింద ఉన్న వాహనాన్ని ఏజెంట్లతో బలవంతంగా పట్టించడం జీవనోపాధి హక్కును హరించడమేనని తేల్చింది. ఆ తీర్పుకు తెలుగు రాష్ట్రాల కోర్టులు కట్టుబడవలసిన అవసరం లేకపోయినా, న్యాయవాదులు దాన్ని వాదనలో చూపించవచ్చు.

రిజర్వు బ్యాంకు 2008 ఏప్రిల్ 24న బ్యాంకులకు పంపిన సర్క్యులర్, ఆ తర్వాత ఫైనాన్స్ కంపెనీలకు వర్తింపజేసిన న్యాయ వ్యవహార నియమావళి ఈ విషయంలో రుణగ్రహీతకు అన్నిటికన్నా దగ్గరి ఆధారాలు. వాహనాన్ని స్వాధీనం చేసుకునే షరతును అప్పు ఇచ్చేనాడే రుణగ్రహీతకు తెలియజేయాలి. ఆ షరతులో ఆరు విషయాలు ఉండాలి. స్వాధీనానికి ముందు ఎన్నాళ్ల నోటీసు ఇస్తారు, ఏ పరిస్థితుల్లో ఆ నోటీసు మినహాయిస్తారు, స్వాధీనం ఏ పద్ధతిలో జరుగుతుంది, అమ్మకానికి ముందు బాకీ కట్టడానికి ఇచ్చే చివరి అవకాశం ఏమిటి, కట్టిన తర్వాత బండిని ఎలా తిరిగి అప్పగిస్తారు, కట్టకపోతే వేలం ఎలా వేస్తారు అన్నవే ఆ ఆరు. వీటిలో నాలుగు, ఐదు అంశాలు బండిని విడిపించుకునే హక్కుకు ఆయువుపట్లు. ఒప్పందం నకలు చేతిలో లేనివారు రాతపూర్వకంగా అడిగి తెచ్చుకుని ముందుగా చదవవలసింది ఈ రెండు షరతులనే. వసూలు ఏజెంటు వద్ద గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం, నోటీసు నకలు ఉండాలని కూడా అదే సర్క్యులర్ నిర్దేశించింది; ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయరాదని 2022 ఆగస్టు నాటి సూచన చెబుతుంది.

స్వాధీనం జరిగే ఆ కొద్ది నిమిషాల్లో తయారయ్యే కాగితాలే తరువాతి వివాదం మొత్తానికి సాక్ష్యమవుతాయి. బండిని తీసుకునేటప్పుడు దాని స్థితిని తెలిపే జాబితా ఒకటి రాయడం వాడుక. దానిలో కిలోమీటర్ల రీడింగు, టైర్ల అరుగుదల, స్టెపినీ, జాకీ, బ్యాటరీ, మ్యూజిక్ సిస్టం, అద్దాల మీది పగుళ్లు, డ్యాష్‌బోర్డు అరలో ఉన్న కాగితాలు, వెనక ఉన్న సరుకు వరకు నమోదు కావాలి, సంతకం చేసిన నకలు రుణగ్రహీతకు అందాలి. నెల తర్వాత బండి యార్డు నుంచి బయటికి వచ్చేసరికి కొత్త బ్యాటరీ స్థానంలో పాతది, స్టెపినీ చోట ఖాళీ కనిపిస్తే, ఆ జాబితా లేనివాడికి అడిగే నోరుండదు. ఇదే సమయంలో వాహనాన్ని ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నట్టు రాసిన కాగితం మీద సంతకం అడగడం కూడా పరిపాటి. నిజంగా ఇష్టపూర్వకం కానప్పుడు ఆ సంతకం చేయకూడదు, చేయక తప్పని పరిస్థితి ఎదురైతే అభ్యంతరాన్ని అక్కడే రాయడమో, అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులోనో ఈమెయిల్‌లోనో తెలియజేయడమో చేయాలి. యాజమాన్య బదిలీకి వాడే 29, 30 నంబరు ఫారాల మీద అప్పు తీసుకున్ననాడే ఖాళీగా సంతకాలు పెట్టించుకునే అలవాటు ఉన్నందున, తన సంతకంతో ఏయే పత్రాలు రుణదాత వద్ద ఉన్నాయో కూడా రుణగ్రహీత గుర్తుకు తెచ్చుకోవాలి.

బండి యార్డు చేరిన మర్నాటి నుంచి లెక్కల దశ మొదలవుతుంది. ఉదాహరణకు నెలకు 9,000 రూపాయల కిస్తీ కట్టవలసిన ఆటో యజమాని నాలుగు నెలలు తప్పిపోయాడనుకుంటే, అతని దృష్టిలో బాకీ 36,000 రూపాయలు. రుణదాత ఇచ్చే లెక్కలో మాత్రం ఆ మొత్తానికి ఆలస్య రుసుము, సీజింగ్ చార్జీలు, రోజువారీ యార్డు అద్దె తోడవుతాయి, కొన్నిసార్లు అప్పును పూర్తిగా వెనక్కి పిలిచినట్టు ప్రకటించి మిగిలిన అసలు మొత్తాన్నీ ఒక్కసారే కట్టమంటారు. తప్పిన కిస్తీలు కడితే బండి వదలాలా, లేక అప్పంతా తీరిస్తేనే వదలాలా అన్నది ఒప్పందంలోని షరతును బట్టి ఉంటుంది; అందుకే అంశాలవారీ లెక్కను, ఖాతా స్టేట్‌మెంటును రాతపూర్వకంగా కోరడం తొలి పని. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న జారీ చేసిన ఆదేశం ప్రకారం ఆలస్యానికి వేసే అపరాధ రుసుమును వడ్డీ రేటుకు కలపరాదు, దాని మీద మళ్లీ వడ్డీ లెక్కించరాదు. ఈ నియమం 2024లో అమల్లోకి వచ్చింది కనుక, పాత పద్ధతిలో వడ్డీ మీద వడ్డీ వేసిన లెక్కను ప్రశ్నించవచ్చు. ఒప్పుకున్న సొమ్మును వెంటనే కట్టి, వివాదంలో ఉన్న భాగాన్ని అభ్యంతరంతో కడుతున్నట్టు రాసి రసీదు తీసుకోవడం చాలా సందర్భాల్లో వివేకం. ఎందుకంటే బండి యార్డులో ఉన్నన్ని రోజులూ అద్దె పెరుగుతుంది, ఆదాయం ఆగుతుంది. సొమ్ము మాత్రం సంస్థ ఖాతాకే చేరాలి తప్ప ఏజెంటు సొంత ఖాతాకు కాదు.

బేరం కుదరనప్పుడు, లేదా సొమ్ము తీసుకుని కూడా బండి వదలనప్పుడు, ఫిర్యాదు మెట్లు వరసగా ఉన్నాయి. మొదట ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో ప్రారంభించిన సమగ్ర అంబుడ్స్‌మన్ వ్యవస్థకు ఫిర్యాదు చేయవచ్చు. అంబుడ్స్‌మన్ అంటే కోర్టు కాకుండా, ఖాతాదారుల ఫిర్యాదులను రుసుము లేకుండా విచారించే అధికారి. ఆ వ్యవస్థ వివరాలు 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుస్తాయి. రెండో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి, తుది తీర్పు వచ్చేలోగా బండిని అమ్మకుండా ఆపమని గాని, కొంత సొమ్ము కట్టించుకుని విడుదల చేయమని గాని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. ఆటో, లారీ వంటివి వ్యాపార వాహనాలు కనుక తాము వినియోగదారుల కిందికి రాబోమని అనుకునేవారు చాలామంది ఉన్నారు గాని, స్వయంఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్న వాహనాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఆ మినహాయింపు నుంచి తప్పించింది. కొట్టడం, బెదిరించడం, నడిరోడ్డు మీద అటకాయించడం జరిగితే అది బాకీ వ్యవహారం కాదు, నేరం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఒప్పందం ప్రకారం యజమాని హోదాలో ఫైనాన్స్ సంస్థ బండిని తీసుకుంటే దాన్ని దొంగతనమనడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు కనుక, దొంగతనం కేసు ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవడం తగదు.

సర్ఫేసీ చట్టం కింద జరిగే స్వాధీనానికి దశలు మరింత కచ్చితంగా ఉన్నాయి. లక్ష రూపాయలు దాటని అప్పులకు ఈ చట్టం వర్తించదు, ఫైనాన్స్ కంపెనీల విషయంలో అర్హత పొందిన పెద్ద సంస్థలు 20 లక్షల రూపాయలు, ఆపై అప్పులకే దీన్ని వాడగలవు. కాబట్టి ఇది స్కూటర్ల కన్నా లారీలు, బస్సులు, ఎక్స్‌కవేటర్ల యజమానులకు ఎక్కువగా తగులుతుంది. ఖాతా నిరర్థకమైందని ప్రకటించిన తర్వాత రుణదాత 60 రోజుల నోటీసు ఇవ్వాలి, దానికి రుణగ్రహీత అభ్యంతరం తెలిపితే 15 రోజుల్లో కారణాలతో జవాబు చెప్పాలి, ఆ తర్వాతనే స్వాధీనం. స్వాధీనంలో లోపం ఉందనుకున్నవారు 45 రోజుల్లోపు రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇవి హైదరాబాదులోను, విశాఖపట్నంలోను ఉన్నాయి. అమ్మకం ప్రకటన వెలువడే లోపు బాకీ, ఖర్చులు పూర్తిగా చెల్లిస్తే అమ్మకం ఆగుతుంది. 2016 సవరణ తర్వాత ఈ గడువును కోర్టులు కఠినంగా లెక్కిస్తున్నాయి.

మధ్యవర్తిత్వ దారి రుణగ్రహీతకు తరచుగా తెలియకుండానే నడుస్తుంది. ఒప్పందంలో వివాదాన్ని మధ్యవర్తికి అప్పగించే షరతు ఉన్నప్పుడు, 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టంలోని 9వ సెక్షన్ కింద రుణదాత కోర్టును ఆశ్రయించి, వాహనాన్ని స్వాధీనం చేసుకోవడానికి అడ్వకేట్ కమిషనర్‌ను గాని రిసీవర్‌ను గాని, అంటే కోర్టు తరఫున వస్తువును కాపాడే వ్యక్తిని, నియమింపజేసుకుంటాడు. అటువంటి వ్యక్తి వచ్చినప్పుడు అడ్డుకోవడం కోర్టు ఉత్తర్వును అడ్డుకోవడమే అవుతుంది. చేయవలసింది ఉత్తర్వు నకలు తీసుకుని, ఆ కోర్టులోనే హాజరై, సొమ్ము లేదా హామీ చూపి విడుదల కోరడం. ఉత్తర్వు వచ్చిన 90 రోజుల్లో రుణదాత మధ్యవర్తిత్వం మొదలుపెట్టకపోతే అదీ ఒక వాదనే.

ఇక సివిల్ కోర్టు జప్తు. చేబదులుకు ప్రామిసరీ నోటు రాసినవాడి మీద డిక్రీ వచ్చి, డిక్రీదారు దాని అమలుకు ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసినప్పుడు, కోర్టు వారంటు పుచ్చుకుని బేలిఫ్, అంటే తెలుగునాట అమీనాగా పేరుపడిన కోర్టు ఉద్యోగి, బాకీదారు బండిని జప్తు చేస్తాడు. ఇక్కడ వాహనానికీ అప్పుకూ ఏ సంబంధమూ ఉండనక్కరలేదు. పొలం ఖర్చులకు తెచ్చిన అప్పుకు మోటారు సైకిల్ పోవచ్చు. అమీనాకు కూడా హద్దులున్నాయి: సివిల్ ప్రక్రియా స్మృతి 62వ సెక్షన్ ప్రకారం సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు జప్తు కోసం నివాస గృహంలోకి అడుగుపెట్టరాదు. 60వ సెక్షన్ వృత్తి పనివారి పనిముట్లనూ, జీవనోపాధికి అవసరమని కోర్టు భావించిన రైతు సేద్యపు పనిముట్లనూ జప్తు నుంచి మినహాయించింది. ట్రాక్టరు ఆ మాట కిందికి వస్తుందా అన్నది కేసు వాస్తవాలను బట్టి కోర్టు తేల్చవలసిన విషయం.

జప్తయిన బండిని విడిపించుకునే సూటి దారి డిక్రీ మొత్తాన్ని, ఖర్చులతో సహా, కోర్టులో జమ చేయడం. సివిల్ ప్రక్రియా స్మృతిలోని 21వ ఆర్డరు 55వ రూలు ప్రకారం అప్పుడు జప్తు తొలగుతుంది. వేలం ప్రకటనను కోర్టు గోడకు అంటించిన నాటి నుంచి చరాస్తికి, అంటే కదిలే ఆస్తికి, కనీసం ఏడు రోజుల గడువు ఉంటుంది. అంతేకాదు, 69వ రూలు ప్రకారం వేలంపాట ఖరారయ్యే ఆఖరి క్షణంలోనైనా బాకీ, ఖర్చులు వేలం వేసే అధికారికి ఇస్తే పాట ఆపవలసిందే. డిక్రీదారు ఒప్పుకుంటే వాయిదాల్లో చెల్లించడానికి కూడా కోర్టు అనుమతిస్తుంది. కోర్టు బయట సొమ్ము చెల్లించినవారు 30 రోజుల్లోపు ఆ సంగతిని కోర్టులో నమోదు చేయించకపోతే, అమలు జరిపే కోర్టు ఆ చెల్లింపును లెక్కలోకి తీసుకోదు. పెద్దమనుషుల ఎదుట సొమ్ము ఇచ్చి, కాగితం లేక రెండోసారి కట్టవలసి వచ్చే ప్రమాదం ఇక్కడే ఉంది.

జప్తయిన బండి బాకీదారుది కానేకాకపోతే, అసలు యజమాని 58వ రూలు కింద క్లెయిము పిటిషన్ వేయాలి. అన్న అప్పుకు అతని ఇంటి ముందు నిలిపిన తమ్ముడి కారు, కొన్నవాడి పేరుకు ఆర్సీ మారకముందే పాత యజమాని బాకీకి చిక్కిన పాత బండి, ఇంకా ఫైనాన్స్ సంస్థ హక్కు కింద ఉన్న లారీ ఈ కోవలోవి. క్లెయిము వేసేలోపు వేలం జరిగిపోయినా, కావాలని ఆలస్యం చేసినట్టు కనిపించినా కోర్టు దాన్ని స్వీకరించదు. చరాస్తి వేలంలో లోపం జరిగినా అమ్మకం రద్దు కాదని, నష్టపోయినవారు పరిహారానికి మాత్రమే దావా వేయాలని 78వ రూలు చెబుతున్నందున, బండి కోసం పోరాడే కాలం పాట ముగియడంతో ముగుస్తుంది.

ఏ దారిన విడిపించుకున్నా, విడుదల ఉత్తర్వు లేదా లేఖ చేతికి వచ్చిన వెంటనే యార్డులో పాత జాబితాతో బండిని పోల్చిచూసి, లోపాలను అప్పగింత కాగితం మీదనే రాయించడం, బీమా, ఫిట్‌నెస్ గడువులు చూసుకున్నాకే రోడ్డెక్కడం అవసరం. అప్పు పూర్తిగా తీరితే నో అబ్జెక్షన్ పత్రం, 35వ నంబరు ఫారం తీసుకుని ఆర్సీలోని రుణ నమోదును రవాణా శాఖలో తొలగించుకోవాలి. బండి అమ్ముడైపోతే ధర, ఖర్చులు, మిగులు చూపే లెక్కను అడగాలి; మిగిలిన సొమ్ము రుణగ్రహీతకు చెందుతుంది, తక్కువ పడితే దానికోసం అతని మీద దావా రావచ్చు. లాయరును పెట్టుకోలేని అర్హులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయం అందిస్తుంది; లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం.

1972 నాటి శాసనం అమలైవుంటే, బండి తీసుకునే ముందు కోర్టుకు వెళ్లవలసిన భారం నిర్ణీత వంతు సొమ్ము అందుకున్న రుణదాత మీద ఉండేది. అది లేకపోవడంతో నేడు ఆ భారం బండి పోయి, సంపాదన ఆగిన మనిషి మీద పడింది. ఒప్పందం నకలు, ప్రతి కిస్తీ రసీదు, స్వాధీనం నాటి జాబితా తన వద్ద ఉంచుకుని, అమ్మకానికి ముందే సరైన చోట రాతపూర్వకంగా అడిగినవాడికి ఇప్పటి చట్టం కూడా చెప్పుకోదగిన రక్షణే ఇస్తుంది. కబురు తెలిసిన రోజునే ఆ పని మొదలుపెట్టడం ఆ రక్షణకు మొదటి షరతు.